టెక్ సందేహాలు: ముందు టేపు, తర్వాత క్యాన్వా

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక అక్క అడిగారు: "ఇంట్లోనే సోయా వ్యాక్స్‌తో సెంటెడ్ క్యాండిల్స్ చేసి గాజు జార్లలో అమ్ముతున్నా. మల్లె, గంధం, కాఫీ మూడు రకాలు. లేబుల్ ఫోన్లోనే క్యాన్వా అనే డిజైన్ యాప్‌లో చేశా, చూడ్డానికి చాలా బావుంది. ప్రింట్ తీయిస్తే రంగు డల్‌గా వచ్చింది, అంచుల్లో అక్షరాలు కట్ అయిపోయాయి, షాపులో ఫైల్ ఓపెన్ చేస్తే తెలుగు పేరులో ఒత్తులన్నీ విడిపోయాయి. డబ్బులు పెట్టి వేరే సాఫ్ట్‌వేర్ కొనాలా? దీపావళికి ఆర్డర్లు ఉన్నాయి."

ఏమీ కొనొద్దండి. ఫ్రీ క్యాన్వా చాలు, అవసరమైతే కంప్యూటర్లో ఇంక్‌స్కేప్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, అది వేస్కోండి. డిజైన్ ముందు చేసేసి కొలత తర్వాత చూశారు, సగం ఇబ్బంది అక్కడే వచ్చింది. కొలతలు తీస్కోకుండా బ్లౌజు గుడ్డ కట్ చెయ్యం కదా, ఇదీ అంతే.

టైలర్ టేపు తీస్కుని జార్ చుట్టూ కొలవండి. 7 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న జార్‌కి చుట్టుకొలత 22 సెంటీమీటర్ల దాకా వస్తుంది, కానీ ఎదురుగా నిలబడి చూసేవాళ్ళకి సాఫీగా చదవడానికి కుదిరేది మధ్యలో 5, 6 సెంటీమీటర్లే, మిగతాది పక్కకి తిరిగిపోద్ది, కాబట్టి పేరు ఆ వెడల్పులోనే పట్టాలి. జార్ పైన, కింద రెండు చోట్లా కొలవండి. తేడా ఉంటే అది ఏటవాలు జార్ అన్నమాట, దానికి పొడుగు స్ట్రిప్ లేబుల్ చుడితే ఒక పక్క ముడతలు పడక తప్పదు, చిన్న లేబుల్ ఒక్కటే ముందు వైపు వేస్కోండి. తెల్లకాగితం ఆ సైజుకి కత్తిరించి జార్‌కి సెల్లోటేపుతో అంటించి కాస్త దూరం నుంచి చూడండి. ఈ పని చెయ్యకుండా క్యాన్వా తెరవొద్దు.

క్యాన్వాలో కస్టమ్ సైజు ఇచ్చేటప్పుడు పిక్సెల్స్ కాకుండా మిల్లీమీటర్లు పెట్టండి, మనం 60 బై 80 అనుకుందాం. ఫోన్లో కాకుండా కంప్యూటర్ బ్రౌజర్లో చేస్తే ప్రింట్ బ్లీడ్ (కట్ చేసే గీత దాటి అదనంగా వదిలే రంగు అంచు) చూపించే ఆప్షన్ ఉంటుంది, బ్యాక్‌గ్రౌండ్ రంగుని అంచు దాటి ఒక 3 మిల్లీమీటర్లు బయటికి లాగండి, అక్షరాల్ని మాత్రం అంచు నుంచి కనీసం 3 మిల్లీమీటర్లు లోపలే ఉంచండి. కటింగ్ మిషన్ ఒక వెంట్రుక అటూ ఇటూ జరగడం మామూలే, మీ అక్షరాలు తెగింది అందుకే. డౌన్‌లోడ్ చేసేటప్పుడు పీడీఎఫ్ ప్రింట్ ఎంచుకుని క్రాప్ మార్క్స్ (ఎక్కడ కట్ చెయ్యాలో చూపే గుర్తులు) అండ్ బ్లీడ్ దగ్గర టిక్ పెట్టండి. ఆ ఫైల్‌ని షాపుకి వాట్సాప్‌లో పంపుతారు కదా, డాక్యుమెంట్‌గా పంపండి, ఫొటోగా పంపితే కుదించేస్తుంది. ప్రింట్‌కి అంగుళానికి 300 చుక్కలు కావాలి, అంటే 60 మిల్లీమీటర్ల వెడల్పుకి దాదాపు 709 పిక్సెల్స్, స్క్రీన్‌షాట్ తీసి పంపితే ఇది వస్తుందన్న గ్యారంటీ లేదు.

రంగు సంగతికొస్తే ఫోన్ స్క్రీన్ వెలుతురుతో రంగు చూపిస్తుంది, ప్రింటర్ నాలుగు ఇంకులు కలిపి వేస్తుంది, అందుకని మెరిసే చిలకపచ్చ, వంకాయరంగు, ముదురు నీలం ఇలాంటివి కాగితం మీద తగ్గిపోతాయి. ఫైల్‌ని ప్రింటర్ రంగుల్లోకి మార్చే ఆప్షన్ క్యాన్వా ప్రోలో ఉంది కానీ దానికోసమే నెల నెలా డబ్బులు కట్టడం నాకైతే ఇష్టం లేదు. అసలు వాడబోయే స్టిక్కర్ మీదే ఒక్క షీట్ శాంపిల్ తీయించండి, చూసి రంగు దిద్దుకోండి.

ఇప్పుడు తెలుగు, నా మనసుకి దగ్గరైన విషయం. మన గుంటూరు, విజయవాడ డీటీపీ షాపుల్లో చాలామంది ఇప్పటికీ అను ఫాంట్స్‌తో పేజ్‌మేకర్, కోరెల్‌డ్రాలో పనిచేస్తారు, ఆ పనిలో వాళ్ళ చెయ్యి తిరిగిపోయింది. మనం పంపేది యూనికోడ్, అంటే ఇప్పటి ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ వాడే పద్ధతి, అను ఫాంట్స్‌ది దాంతో కలవని పాత పద్ధతి. మీ పీడీఎఫ్‌ని వాళ్ళు పాత కోరెల్‌లో ఎడిట్ చెయ్యడానికి తెరిచారంటే 'మల్లె'లో ఒత్తు ఒక పక్కకి, ఎత్వం ఒక పక్కకి పోయే అవకాశం ఉంది. అందుకని అక్షరాల్ని అక్షరాలుగా కాకుండా బొమ్మగా మార్చి పంపాలి. క్యాన్వాలో అయితే డౌన్‌లోడ్ దగ్గర ఫ్లాటెన్ పీడీఎఫ్ అని ఉంటుంది, ఇంక్‌స్కేప్‌లో అయితే పాత్ మెనూలో ఆబ్జెక్ట్ టు పాత్ నొక్కాలి, షాపుల్లో దీన్నే కర్వ్స్ చెయ్యడం అంటారు. కర్వ్స్ చేశాక అక్షరం దిద్దడం కుదరదు కాబట్టి ఒరిజినల్ ఫైల్ వేరేగా దాచుకోండి.

ఫాంట్లకి కూడా డబ్బులక్కర్లేదు. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, మల్లన్న, సురన్న, మీ ఊరి పేరుతోనే హింద్ గుంటూరు, ఇవన్నీ ఓపెన్ లైసెన్స్, వ్యాపారానికి నిక్షేపంగా వాడుకోవచ్చు. నన్నడిగితే సెంటు పేరు రామభద్రలో, చిన్న అక్షరాలు హింద్ గుంటూరులో. లైన్ల మధ్య ఇంగ్లిష్‌కి ఇచ్చే గ్యాప్ కంటే ఎక్కువ ఇవ్వండి, లేకపోతే పై లైన్ ఒత్తులు కింద లైన్ గుడి దీర్ఘాల మీద పడతాయి. ఏఐతో మొత్తం లేబుల్ గీయించేద్దాం అనుకోకండి, దాని తెలుగు అక్షరాలు చాలాసార్లు గజిబిజిగా వస్తాయి, మల్లెపూల బొమ్మ వరకు గీయించుకుని పేరు మీరే టైప్ చెయ్యండి.

వెనక లేబుల్‌కి తూనికలు కొలతల శాఖ రూల్స్ ఉన్నాయి, 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్. తయారు చేసినవాళ్ళ పేరు, అడ్రస్, వస్తువు ఏంటి, నికర బరువు (జార్ బరువు కలపకూడదు, ఒక్క మైనమే), తయారైన నెల, సంవత్సరం, అన్ని పన్నులతో కలిపి ఎమ్మార్పీ, గ్రాముకి ఎంత పడుద్దో యూనిట్ ధర, కంప్లయింట్ చెయ్యడానికి ఫోన్, ఈమెయిల్. 150 గ్రాములు 300 రూపాయలైతే యూనిట్ ధర గ్రాముకి 2 రూపాయలు. ఈ వివరాలు ఇంగ్లిష్‌లో గానీ హిందీలో గానీ ఉండి తీరాలి, తెలుగు అదనంగా వేస్కోవచ్చు, తెలుగు ఒక్కటే అయితే చాలదు. ఎమ్మార్పీ మీద ఇంకో స్టిక్కర్ అంటించి రేటు పెంచడం కుదరదు, తగ్గించాలంటే అంటించొచ్చు, అదీ పాత రేటు కనపడేలా.

జాగ్రత్తలు మాత్రం తెలుగులోనే, పెద్దగా వెయ్యండి, ఇది నా విన్నపం. వెలిగించి వదిలేసి వెళ్ళొద్దు, కర్టెన్లకి దూరంగా పెట్టండి, పిల్లలకి అందనివ్వొద్దు, ఒత్తి 6 మిల్లీమీటర్లకి కత్తిరించి వెలిగించండి. మీ క్యాండిల్ కొన్న పెద్దావిడ ఇంగ్లిష్ చదవలేకపోతే ఆ హెచ్చరిక ఎవరి కోసం వేసినట్టు? జార్ అడుగున గుండ్రటి స్టిక్కర్ మీద అయినా సరే వెయ్యండి.

వెనక లేబుల్‌లో నెల మారుతుంటది కాబట్టి ముందుదీ వెనకదీ కలిపి ఒకేసారి వందల్లో కొట్టించొద్దు. ముందు వైపు లేబుల్ విజయవాడ గవర్నర్‌పేట లాంటి చోట డిజిటల్ ప్రెస్‌లో 12 బై 18 అంగుళాల షీట్ మీద వేయిస్తే మన 60 బై 80 సైజువి, బ్లీడ్‌తో సహా, 20 దాకా పడతాయి. వినైల్ స్టిక్కర్, మాట్ లామినేషన్, హాఫ్ కట్ (స్టిక్కర్ మాత్రమే తెగి వెనక కాగితం తెగకుండా ఉండేది) అని అడగండి, మామూలు కాగితం స్టిక్కర్‌కి సెంటు నూనె తగిలితే మరక పడుద్ది. వెనకది లిబ్రే ఆఫీస్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో ఫైల్, న్యూ, లేబుల్స్‌కి వెళ్ళి సింక్రనైజ్ కంటెంట్స్ పెట్టుకుంటే ఒక్కదాంట్లో నెల మార్చి సింక్రనైజ్ బటన్ నొక్కితే షీట్ మొత్తం మారిపోద్ది, లేజర్ ప్రింటర్ మీద తీస్కోండి. మైనం పూర్తిగా చల్లారాక, గాజుని స్పిరిట్‌తో తుడిచాకే అంటించాలి.

విజయవాడ పటమట నుంచి ఒక తమ్ముడు: "కొరియర్ లేబుల్స్ కోసం థర్మల్ ప్రింటర్ ఉంది, దాంతోనే క్యాండిల్ లేబుల్స్ వేస్కోవచ్చా?"

వద్దు తమ్ముడూ. కొరియర్ వాటిల్లో ఎక్కువ శాతం డైరెక్ట్ థర్మల్, ఇంకు ఉండదు, వేడి తగిలితే నల్లబడే కాగితం. ఆ కాగితం మీద గోరుతో గట్టిగా గీసి చూడు, నల్లటి గీత పడుద్ది. అలాంటిది మంట పక్కన, అదీ మన బెజవాడ మే నెల ఎండల్లో, ఏమవుద్దో నువ్వే చెప్పు. పార్శిల్ డబ్బా మీదకి వాడుకో, జార్ మీదకి వద్దు. ఇంకు రిబ్బన్ వేసే థర్మల్ ట్రాన్స్‌ఫర్ మిషన్ అయితే పర్లేదు.

బ్రాడీపేట అక్కే ఇంకోటి అడిగారు, లేబుల్ మీద క్యూఆర్ కోడ్ ఎలా అని. ఫ్రీ అని చెప్పి డైనమిక్ కోడ్ (ముందు ఆ సైట్‌కి వెళ్ళి అక్కణ్ణుంచి మీ లింకుకి పోయేది) ఇచ్చే సైట్లలో కొన్ని ట్రయల్ అయిపోగానే కోడ్ ఆపేస్తాయి, అప్పటికి మీ జార్లు జనం ఇళ్ళల్లో ఉంటాయి. మీ లింకు నేరుగా కోడ్‌లోనే ఉండే స్టాటిక్ కోడే తీస్కోండి, ఇంక్‌స్కేప్ ఎక్స్‌టెన్షన్స్‌లో రెండర్, బార్‌కోడ్ కింద ఉంది, అది ఎక్స్‌పైర్ అవ్వదు. లింకు పొట్టిగా ఉంటే గళ్ళు పెద్దగా వస్తాయి. 2 సెంటీమీటర్లకి తగ్గించొద్దు, లేత రంగు మీద ముదురు కోడ్, చుట్టూ ఖాళీ. శాంపిల్‌ని జార్‌కి చుట్టి రెండు మూడు ఫోన్లతో స్కాన్ చెయ్యండి, గాజు వంపు వల్ల పాత ఫోన్లో పట్టకపోతే కోడ్ ముందు వైపు నుంచి తీసేసి జార్ అడుగు స్టిక్కర్ మీదకి మార్చండి, అక్కడ చదునుగా ఉంటుంది.