సిరిమాను రోజు పిల్లల్ని బడి నుంచి వదలాలా?

ప్రశ్న అడిగినవారు విజయనగరం వాళ్లే. దసరా సెలవులు అయిపోయాయి, పాప చదివే ప్రైవేటు స్కూల్లో పైడితల్లమ్మ పండగ, అంటే సిరిమాను రోజు కూడా క్లాసులున్నాయని మెసేజ్ వచ్చింది. "ఊరి సంబరం చూడటానికి పిల్లల్ని వదలడం స్కూలు బాధ్యత కాదా, లేక చదువే ముఖ్యమా?" అని అడిగారు. నేను ఇదే ఊళ్లో ఒక ప్రైవేటు హైస్కూల్లో చాలాకాలం సైన్సు చెప్పాను. అక్కడ చూసింది చెబుతాను.

వదలాలి. కానీ మధ్యాహ్నం గేటు తీసి "పొండి" అనడం వదలడం కాదు. స్కూలు యూనిఫాంలో వరస కట్టించి టీచర్లతో జనంలోకి తీసుకెళ్లడం అంతకన్నా కాదు. ముందే చెప్పి, పొద్దున్నే బడి మూసి, పిల్లల్ని ఇంటివాళ్ల చేతికి అప్పగించాలి. సంబరం ఇంటివాళ్లతో చూడాల్సింది.

బయటి ఊళ్లవాళ్ల కోసం రెండు ముక్కలు. దసరా ఏ వారం వచ్చినా, దాని తర్వాత వచ్చే మంగళవారం సిరిమానోత్సవం. 2024లో అక్టోబర్ 15న, 2025లో అక్టోబర్ 7న జరిగింది. అందుకే కొన్ని ఏళ్లు అది దసరా సెలవుల పక్కనే పడుతుంది, కొన్ని ఏళ్లు బళ్లు తెరిచాక వస్తుంది. ముందురోజు సోమవారం తొలేళ్లు. ఆ రాత్రి రైతులు అమ్మవారి ప్రసాదంగా విత్తనాలు తీసుకెళ్తారు. మంగళవారం మధ్యాహ్నం దాటాక పొడవాటి చింతమాను (అదే సిరిమాను) చివర పూజారి కూర్చుంటే, ఆ మానును బండిమీద మూడు లాంతర్ల దగ్గరి అమ్మవారి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల అనే ఆనవాయితీ అంశాలు నడుస్తాయి. జనం అరటిపళ్లు విసురుతారు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచే కాదు, ఒడిశా నుంచి కూడా వస్తారు. ఆ రోజు గంటస్తంభం నుంచి కోట దాకా రోడ్డు కనిపించదు, తలలే కనిపిస్తాయి.

ఇక నేను పనిచేసిన స్కూలు సంగతి. అప్పట్లో యాజమాన్యం పట్టుదల ఏమిటంటే "పోర్షన్ అవ్వలేదు, సగం పూట అయినా నడపాలి". సరే, నడిపాం. తొమ్మిదో తరగతి గదిలో బెంచీలు చాలావరకు ఖాళీ. వచ్చినవాళ్ల మనసు కూడా బయట వినిపించే డప్పుల మీదే. నేను ఆ రోజు చెప్పిన పాఠం మర్నాడు మిగతావాళ్ల కోసం మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. అంటే పోర్షన్ ఒక్క అంగుళం కూడా ముందుకు జరగలేదు. చదువు పోతుందని బాధపడేవాళ్లు ఈ లెక్క ఎప్పుడూ వేసుకోరు.

అయితే అసలు గొడవ పాఠం దగ్గర రాలేదు. భోజనాల వేళకి పిల్లలు మరీ అల్లరి చేస్తుంటే, పైనుంచి మాట వచ్చింది: పెద్ద క్లాసుల పిల్లల్ని వదిలేయండి, చూసి ఇంటికి పోతారు అని. తల్లిదండ్రులకి ఫోన్ లేదు, మెసేజ్ లేదు. సాయంత్రం మామూలు వేళకి తండ్రులు, తాతలు గేటు దగ్గరికి వచ్చి "మా బాబేడి మేడమ్?" అంటే మా దగ్గర జవాబు లేదు. ఒకరి మనవరాలు రెండు వీధులవతల మేనత్త ఇంట్లో నిద్రపోతూ దొరికింది. ఒకబ్బాయి మూడో తిరుగు కూడా చూసి, చీకటి పడ్డాక, చెప్పులు పోగొట్టుకుని వచ్చాడు. ఎవరికీ ఏమీ కాలేదు. కాలేదు కాబట్టే ఈ కథని ఆ స్కూల్లో నవ్వుతూ చెప్పుకునేవాళ్లు. ఆ సాయంత్రం ఫోన్లు ఎత్తినవాళ్లకి మాత్రం నవ్వు రాదు. ఆ టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తు.

జనం గుమిగూడే చోట ఏం జరుగుతుందో 2025 జూన్ 4న బెంగళూరులో చూశాం. ముందురోజు రాత్రి అహ్మదాబాద్‌లో బెంగళూరు జట్టు ఐపీఎల్ ఫైనల్ గెలిచింది, మర్నాడే చిన్నస్వామి స్టేడియం దగ్గర విజయోత్సవం అన్నారు. తొక్కిసలాటలో 11 మంది పోయారు. చాలామంది కుర్రవాళ్లే, బడికెళ్లే వయసు అమ్మాయి కూడా ఉంది. ఏళ్ల తరబడి జరుగుతున్న మన పండగకి బందోబస్తు, దారులు, తాళ్లు అన్నీ ముందే అనుకుని ఉంటాయి. అప్పటికప్పుడు అనుకున్న సంబరానికి అవేవీ ఉండవు. అందుకని క్రికెట్ విజయయాత్రో, సినిమా హీరో ర్యాలీయో అయితే నా జవాబు వేరు. అలాంటివాటికి బడి వదలక్కర్లేదు, టీవీలో చూపిస్తే చాలు.

మా స్కూల్లో పిల్లల్ని అలా వదిలేసిన ఆ ఏడాది తర్వాత మేము కొందరం టీచర్లం కూర్చుని ఒక పద్ధతి అడిగాం, అదృష్టం కొద్దీ ఒప్పుకున్నారు. పండగకి వారం ముందే పిల్లల డైరీలో చీటీ అంటించి పంపేవాళ్లం. ఆ రోజు పదకొండింటికి బడి మూస్తాం, మీ పిల్లని ఎవరు తీసుకెళ్తారో రాసి సంతకం పెట్టండి అని. పదకొండింటికే ఎందుకంటే, ఆ తర్వాత పోలీసులు దారులు మళ్లిస్తారు, స్కూలు బస్సులు కదలవు. పిల్లల్ని నాలుగింటి దాకా ఉంచితే క్షేమం అనుకుంటారు చాలామంది. ఊరేగింపు దారికి దగ్గర్లో ఉన్న బడి అయితే నాలుగింటికి బస్సు తీయడమే ఎక్కువ ప్రమాదం. సిరిమాను తిరుగుతున్న వేళ, జనం నడుమ, నలభైమంది పిల్లలున్న బస్సుని ఊహించుకోండి.

ఎవరూ రాలేని పిల్లల్ని బళ్లోనే ఉంచేవాళ్లం. అమ్మానాన్నలు ఇద్దరూ డ్యూటీలో ఉన్నవాళ్లు ఉంటారు. ముఖ్యంగా పోలీసుల పిల్లలు! ఊరంతా పండగ చేసుకునే రోజు వాళ్ల నాన్న తాడు పట్టుకుని నిలబడి ఉంటాడు. వాళ్లకి క్యారమ్స్ బోర్డులు, ఆయా తెచ్చిన పులిహోర. పాఠం మాత్రం చెప్పేవాళ్లం కాదు, మిగతావాళ్లు లేనప్పుడు చెప్పడం అన్యాయం.

వేరే మతం పిల్లల మాటేమిటని ఎవరో ఒకరు అడుగుతారు, అడగాలి కూడా. మూసినప్పుడు అందరికీ మూస్తాం. చూడటానికి వెళ్లాలా వద్దా అన్నది ఇంటివాళ్ల ఇష్టం. బడే స్వయంగా తీసుకెళ్తే ఆ ఇష్టం ఉండదు, రాననడానికి పిల్లవాడు మొహమాటపడతాడు. నేను టీచర్లతో టూర్ వద్దనడానికి ఇదీ ఒక కారణం. అన్నట్టు మా ఊళ్లో బాబామెట్ట దర్గా ఉర్సు రోజు కూడా హాజరు పట్టీలో ఖాళీలు పడేవి, ఆ ఖాళీల్లో అన్ని మతాల పేర్లూ ఉండేవి. సిరిమానుకి స్నేహితుడి కుటుంబంతో కలిసి మేడ మీంచి చూసే ముస్లిం పిల్లలూ నాకు తెలుసు. ఊళ్లో ఇది ఎప్పటినుంచో ఉన్నదే.

సెలవు ఇచ్చే దారి గురించి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఏడాదికి ఒకటి నుంచి ఐదో తరగతి దాకా 200, ఆరు నుంచి ఎనిమిది దాకా 220 పనిదినాలు ఉండాలి. ఒక రోజు స్థానిక సెలవు ఇచ్చి, మరో రోజు బడి పెడితే ఆ లెక్క చెడదు. 2024లో వినాయక నిమజ్జనానికి తెలంగాణ ప్రభుత్వం చేసింది అదే. సెప్టెంబర్ 17న హైదరాబాద్, దాని చుట్టుపక్కల జిల్లాలకి సెలవు ఇచ్చి, బదులుగా నవంబర్ 9, రెండో శనివారం, పనిదినం చేశారు. మేడారం జాతర రోజుల్లో ములుగు జిల్లాలో బళ్లకి స్థానిక సెలవులు ఇస్తారు. కాబట్టి "రూల్స్ ఒప్పుకోవు" అనేది కుదరదు. ఒప్పుకోనిది ఎక్కువగా కార్పొరేట్ స్కూళ్ల స్టడీ అవర్సే. పదో తరగతి వాళ్లకి ఆ రోజు కూడా స్లిప్ టెస్ట్ పెట్టిన స్కూలు ఒకటి నాకు తెలుసు. ఆ పేపర్లు ఎవరు దిద్దారో నాకిప్పటికీ అనుమానమే.

పక్కదారి పట్టినా ఒక మాట. సంబరానికి అరపూట వదలమంటే సిలబస్ గుర్తొచ్చే స్కూళ్లే, పెద్ద నాయకుడెవరైనా వస్తుంటే పిల్లల చేతికి జెండాలిచ్చి ఎండలో రోడ్డు పక్కన నిలబెడతాయి. అక్కడ పిల్లలు చూడటానికి వెళ్లరు, చూపించడానికి వెళ్తారు. మీ పాప స్కూలు నుంచి అలాంటి చీటీ ఎప్పుడైనా వస్తే, సంతకం పెట్టనని నిస్సంకోచంగా చెప్పండి.

పిల్లలకి ఏం లాభం అంటారా? పండగ మర్నాడు నేను ఎనిమిదో తరగతిలో పాఠం తీయకుండా, నిన్న చూసింది చెప్పమనేదాన్ని. ఒకసారి వెనక బెంచీ కుర్రాడు, మామూలుగా నోరు విప్పనివాడు, "అంత పొడుగు మాను చివర మనిషి కూర్చుంటే మాను ముందుకు ఒరిగిపోదేటి టీచర్? మాను మొదలు దగ్గర ఏం బరువు కడతారు?" అన్నాడు. తులాదండం పాఠం అప్పుడు మొదలైంది. సిరిమానుతో పాటు ఇరుసుమాను కూడా ఎందుకు కొడతారో, ఇరుసు ఎక్కడ ఉంటే ఎవరి మీద ఎంత బరువు పడుతుందో పిల్లలే బోర్డు మీద గీశారు. రైతుల ఇంటి పిల్ల ఒకతి తొలేళ్ల విత్తనాల సంగతి చెప్పింది. వాళ్ల తాత వాటిని ఇంటి విత్తనాల్లో కలిపాకే చల్లుతాడట. టౌను పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. సోషల్ టీచరు ఇదే అదనుగా 1757 బొబ్బిలి యుద్ధం, పైడితల్లమ్మగా కొలిచే పైడిమాంబ విజయనగరం రాజు విజయరామరాజు చెల్లెలన్న కథ ఎత్తుకున్నారు. ఈ పాఠాలు పొందాలంటే పిల్లలు సంబరం చూసి ఉండాలి కదా.

మా పక్కింటి ముసలావిడ మాత్రం ఈ చర్చంతా విని ఒకే మాట అనేది: "అమ్మోరి పండగనాడు బడేటమ్మా?" ఆవిడతో వాదించే ధైర్యం మా హెడ్మాస్టరుకి కూడా లేదు.

మీరు ఇప్పుడు చేయగలిగింది. తోటి తల్లిదండ్రులు నలుగురైదుగురు కలిసి స్కూలుకి కాగితం మీద రాసివ్వండి. ఫోన్‌లో అడిగితే "పైవాళ్లని అడగాలి" అంటారు. సెలవు అడగడం కన్నా పదకొండింటికి మూయమని, మరో శనివారం పెట్టుకోమని అడిగితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. అప్పటికీ కుదరదంటే లీవ్ లెటర్ రాసి పాపని ఇంట్లోనే ఉంచండి. ఒక్క రోజు హాజరుకి పరీక్షలో ఎవరూ కూర్చోనివ్వకుండా ఉండరు. చూడటానికి తీసుకెళ్లేటప్పుడు మూడు లాంతర్ల దగ్గర నిలబడొద్దు, అక్కడ ఒత్తిడి ఎక్కువ. ఊరేగింపు దారిలో తెలిసినవాళ్ల మేడ ఉంటే మధ్యాహ్నం ఒంటిగంటకే చేరుకోండి. పాప జేబులో మీ ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టండి. మొదటి తిరుగు చూశాక బయల్దేరండి, మూడూ అయ్యాక అందరూ ఒక్కసారే కదులుతారు.