ఆ ఫోటో ఎవరి కోసం తీయించారు?

కొలంబస్ (ఒహాయో) నుంచి ఉత్తరం రాసిన సోదరికి,

మీ ఉత్తరం సారాంశం పాఠకుల కోసం ముందుగా చెబుతాను. మీరు ప్రకాశం జిల్లాలో ఒక పాస్టరు గారి అమ్మాయి. హిందూ అబ్బాయిని ప్రేమించి పెళ్లి చేసుకున్నారని నాన్నగారు కొన్నేళ్లు మాటలు మానేశారు. అమెరికాలో మీ చర్చి తరఫున, భూటాన్ నుంచి వచ్చిన నేపాలీ శరణార్థులు ఉండే అపార్ట్‌మెంట్లకు శనివారాలు వెళ్లి, పెద్దవాళ్లకు పౌరసత్వ పరీక్ష కోసం ఇంగ్లీషు నేర్పుతున్నారు. అక్కడ డెబ్భై రెండేళ్ల ఒక ఆవిడ, శిబిరంలో చనిపోయిన కొడుకును తలచుకుని ఏడిస్తే, తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. పక్కనున్న అమ్మాయి చేత ఫోటో తీయించి నాన్నగారికి పంపారు. ఆయన దాన్ని సంఘం ఫేస్‌బుక్ పేజీలో, ఒక హిందూ తల్లి రక్షణలోకి వచ్చిందని రాసి పెట్టారు. అది ఆవిడ మనవడి కంట పడింది. మళ్లీ మా గడప తొక్కొద్దన్నాడు. క్షమాపణ నేనే చెప్పాలా, చర్చి పెద్దల చేత చెప్పించాలా అని అడిగారు.

మీరే చెప్పాలి. దీనికి ఉత్తరం కూడా అక్కర్లేదు. ముందు ఫోటో తీసేయించండి, తర్వాత వెళ్లండి. గుమ్మం బయటే నిలబెట్టి నాలుగు మాటలంటే పడండి.

ఆ మనవడు అతి చేస్తున్నాడని ఒకచోట రాశారు. ఆ మాట నాకు నచ్చలేదు. దక్షిణ భూటాన్‌లో తరతరాలుగా సేద్యం చేసుకున్న వాళ్లు ఆ జనం. 1985 పౌరసత్వ చట్టం వచ్చాక, 1958లో మీరిక్కడే ఉన్నారని కాగితం చూపించమన్నారు. బళ్లలో నేపాలీ తీసేశారు. అందరూ ఒకే రకం బట్టలు కట్టాలన్నారు. ఎదురు చెప్పినవాళ్లను జైళ్లలో పెట్టారు, 1990 నుంచి వేలకు వేల మందిని ఊళ్లు విడిచి వెళ్లేలా చేశారు. తూర్పు నేపాల్‌లో ఝాపా, మొరంగ్ జిల్లాల శిబిరాల్లో వెదురు గుడిసెల్లో పదిహేడు, పద్దెనిమిదేళ్లు, కొందరు ఇంకా ఎక్కువ గడిపాక 2008 నుంచి విమానాలెక్కారు. లక్షకు పైగా జనం, ఎక్కువమంది అమెరికాకే. ఆవిడ ప్లాస్టిక్ కవరులో దాచుకున్న మామగారి పన్ను రసీదు మీకు చూపించారని మీరే రాశారు కదా. కాగితం ఉండి కూడా ఇల్లు పోయింది. నీ బట్ట మార్చు, నీ భాష మార్చు అన్నందుకే దేశం పోగొట్టుకున్న ఇంట్లో, మా నాయనమ్మ దేవుణ్ణి మార్చుకుందని ఎవరో ఊరికి చాటితే మనవడు ఊరుకుంటాడా? వాళ్లలో మనస్ఫూర్తిగా క్రైస్తవులైన వాళ్లు చాలామంది ఉన్నారు, అది వాళ్లిష్టం. ఈవిడ మాత్రం ఏడ్చింది, అంతే.

మీ ప్రార్థనను నేను తప్పు పట్టను. ఏడుస్తున్న మనిషి పక్కన కూర్చుని మీకు తెలిసిన విధంగా ఓదార్చారు. ఫోటో దగ్గరే నాకు బాధ. కుడిచేయి చేసింది ఎడమచేతికి తెలియకూడదని నాన్నగారి నోటనే ఎన్నిసార్లు విని ఉంటారు!

అసలు విషయం మీ ఉత్తరం చివర్లో ఒకే ఒక్క వాక్యంలో ఉంది. నాన్నగారు ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోన్ చేస్తున్నారు, 'ఈ వారం ఎంతమంది ప్రభువులోకి వచ్చారమ్మా' అని అడుగుతున్నారు. మీరు లెక్క చెబుతున్నారు. లెక్క లేని వారం టెన్షన్‌గా ఉంటోంది. తల్లీ, మీ పెళ్లికి నాన్నగారు వేసిన జరిమానా అది. దాన్ని మీరు ఆ ముసలావిడ కన్నీళ్లతో కట్టారు.

కటువుగా ఉందని తెలుసు. కానీ కన్నకూతురితో మాట్లాడటానికి షరతులు పెట్టే తండ్రి ఎంత పెద్ద పాస్టరైనా, ఆ షరతు తప్పే. ఆయన్ని వదిలేయమని నేను చెప్పను, తండ్రి తండ్రే. మందులకు డబ్బు పంపండి, ఊరెళ్లినప్పుడు కాళ్ల దగ్గర కూర్చోండి. కూతురి బాధ్యతలో ఏ లోటూ చేయొద్దు. ఆత్మగౌరవం తాకట్టు పెట్టడం మాత్రం ఆ బాధ్యతలో భాగం కాదు.

మీ ఆయన ప్రతి శనివారం మిమ్మల్ని అక్కడ దింపి, రెండు గంటలు పార్కింగ్‌లో కారులోనే కూర్చుంటారని రాశారు. ఆయన పేరు నాన్నగారు ఇంతవరకు ఒక్కసారైనా ఎత్తారా? ఉత్తరమంతా వెతికాను, కనిపించలేదు. భర్తను బయట కూర్చోబెట్టి సంపాదించుకున్న పలకరింపు అది. మీకది కనిపించకపోవడమే నాకు ఎక్కువ బాధనిపించింది.

ఈ ఆదివారం ఫోన్ వచ్చినప్పుడు మొదట ఫోటో సంగతి చెప్పండి. 'నాన్నా, ఆవిడ మతం మారలేదు, నేను బాధలో ఉన్న మనిషి ఫోటో అడక్కుండా పంపాను, ఇప్పుడే తీసేయించండి' అనండి. ఇక మీద లెక్కలు చెప్పనని కూడా అదే రోజు చెప్పేయండి. తర్వాత ఫోన్ మీ ఆయనకు ఇవ్వండి. నాన్నగారు పెట్టేస్తే పెట్టేయనివ్వండి. మీరు మాత్రం మళ్లీ వారం మీరే చేసి, బాగున్నారా అని అడగండి. నెలలు పట్టొచ్చు. పట్టనివ్వండి.

ఇక ఆవిడ చదువు ఆగకూడదు. శరణార్థిగా వచ్చిన వృద్ధులకు ఏడేళ్లలో పౌరసత్వం రాకపోతే అమెరికా ప్రభుత్వం నెలనెలా ఇచ్చే ఎస్.ఎస్.ఐ. అనే డబ్బు సాయం ఆగిపోతుంది. ఆవిడకు ఎప్పుడో ఆగిపోయిందట, ఇంటద్దెకు మనవడే గోదాములో రాత్రి షిఫ్టులు చేస్తున్నాడట. చిత్తుపుస్తకంలో తన పేరు ఇంగ్లీషులో రాయడం ఇప్పుడిప్పుడే వస్తోందన్నారు. మనవడు మిమ్మల్ని రానిస్తే పుస్తకం తీసుకుని వెళ్లండి, ఫోన్ కారులో వదిలేసి. రానివ్వకపోతే మీ చర్చి వాళ్లనో, నేపాలీ వచ్చిన ఇంకెవరినో ఈ శనివారమే పంపే ఏర్పాటు చేయండి. మీ ఇద్దరి మధ్య గొడవ తేలేదాకా ఆవిడ పాఠం ఆపొద్దు.