ఆసుపత్రిలో ఉన్న నాన్నగారికి క్యాన్సర్ నొప్పి తగ్గట్లేదు, డాక్టరుకు ఎలా చెప్పాలి?

"బాగా నొప్పిగా ఉందండీ" అంటే రౌండ్స్‌కి వచ్చిన డాక్టరుకు అంతగా ఏమీ తెలియదు. కాగితం మీద రాసి చూపించండి: ఎక్కడ నొప్పి, తీవ్రత 10కి ఎంత, మందు ఎన్నింటికి ఇచ్చారు, మళ్లీ ఎన్నింటికి మొదలైంది. "రాత్రి పక్కకు తిరగలేకపోయారు" అని కూడా చేర్చండి.

కేస్ షీట్‌లో నొప్పి మందు పక్కన ఎస్ఓఎస్ అని ఉందేమో నర్సును అడగండి. ఉంటే, అడిగినప్పుడే ఇస్తారు. పెద్దవాళ్లు అడగరు, పళ్ల బిగువున ఓర్చుకుంటారు. రోజంతా ఉండే నొప్పికి టైము ప్రకారం మందు పడాలి. తీవ్రమైన నొప్పికి ఇచ్చే మామూలు మార్ఫిన్ మాత్ర పనిచేసేది దాదాపు 4 గంటలే. మధ్యలో నొప్పి ఎగదన్నితే ఇవ్వాల్సిన అదనపు డోసు, మలబద్ధకానికి మందు మొదటి రోజే రాయించండి. కిడ్నీ సమస్య ఉంటే ముందే చెప్పాలి.

అలవాటైపోతుందని మార్ఫిన్ వద్దనకండి. డాక్టరు చెప్పినట్టు వాడితే క్యాన్సర్ నొప్పిలో వ్యసనం అరుదు. పిలిచినా లేవనంత మత్తుగా ఉన్నా, శ్వాస బాగా నెమ్మదించినా మాత్రం వెంటనే నర్సును పిలవండి.

అయినా తగ్గకపోతే పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే వైద్యం) డాక్టరుకు చూపించమని గట్టిగా అడగండి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది.