ఎన్నారై సందేహాలు: మనవాళ్ళకే ఇచ్చిన ఇల్లు, అద్దె ఎంత పెంచాలి?

ప్రశ్న: కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మా టౌన్‌హౌస్‌ని ఒక తెలుగు కుటుంబానికి నెలకు 3,400 డాలర్లకు ఇచ్చి, ఉద్యోగం మారి డాలస్ వచ్చాం. జులై 31తో ఏడాది లీజు అయిపోతుంది. ఇల్లు చూసే మేనేజరు 3,900 చేయమంటున్నాడు. అడగాలంటే మొహమాటం. ఏం చేయమంటారు?

జవాబు: మొహమాటం సంగతి తర్వాత, ముందు లెక్క చూద్దాం. కొత్తగా ఇల్లు అద్దెకిచ్చిన మనవాళ్ళు చేసే తప్పులు మూడు నాలుగే. అన్నీ వరసగా చేసి, డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నవాణ్ణి కనక కాస్త చనువుగానే చెబుతాను.

మొదటిది, బ్యాంకు వాయిదాకీ అద్దెకీ ఉన్న తేడాని అద్దెకున్నవాళ్ళ నెత్తిన వేయాలనుకోవడం. వాయిదా 4,600, అద్దె 3,400 అయితే మిగతా 1,200 ఎవరు కట్టాలి? మీరే. ఇల్లు మీది, రేపు ధర పెరిగితే లాభమూ మీదే. పైగా ఫిక్స్‌డ్ రేటు లోన్ అయితే అసలూ వడ్డీ కలిసిన వాయిదా ఈ ఏడాది ఒక్క డాలరు కూడా పెరగలేదు. పెరిగినవి వేరే ఉంటాయి, వాటిని కాగితం మీద రాయండి.

ఉదాహరణకి ఇంటిపన్ను ఏడాదికి 10,800 అనుకోండి. కాలిఫోర్నియాలో 1978 నాటి ప్రాపొజిషన్ 13 అనే పన్ను చట్టం వల్ల పన్ను కట్టే విలువ మామూలుగా ఏడాదికి 2 శాతం మించి పెరగదు. అంటే 216 డాలర్లు, నెలకు 18. హెచ్‌ఓఏ (కాంప్లెక్స్ ఇళ్ళవాళ్ళ సంఘానికి నెలనెలా కట్టే రుసుము) 420 నుంచి 465 అయితే 45. ఇన్సూరెన్స్ ఏడాదికి 500 పెరిగితే నెలకు 42. మొత్తం 105. ‘టాక్సులు పెరిగాయండీ’ అని 500 అడిగితే, కౌంటీ వెబ్‌సైట్‌లో మీ పన్ను బిల్లు చూసుకోవడం అవతలివాళ్ళకి రెండు నిమిషాల పని. అక్కడితో మర్యాద పోతుంది.

రెండోది, అసలు భయపడాల్సింది: ఖాళీ నెల. 3,900 చేస్తే ఏడాదికి 6,000 ఎక్కువ వస్తుందని కళ్ళు మెరుస్తాయి. వాళ్ళు ఖాళీ చేస్తే? ఒక నెల అద్దె పోయింది, 3,900. కొత్తవాళ్ళని తెచ్చినందుకు మేనేజరుకి సగం నెల, 1,950. రంగులకీ కార్పెట్‌కీ 1,200. మొత్తం 7,050. ఆరువేల కోసం ఏడువేలు! మేనేజరుకి మాత్రం ఇల్లు మారినప్పుడల్లా ఫీజే, అందుకే ఆయన సలహాని ఆ కళ్ళతోనే వినండి. ఆయన చూపించే 3,900 కూడా ప్రకటనలో అడిగే ధర. మీ కాంప్లెక్స్‌లోనే గత రెండు మూడు నెలల్లో నిజంగా ఎంతకి పోయాయో, ఎన్ని వారాలు ఖాళీగా ఉన్నాయో మూడిళ్ళవి అడగండి.

మూడోది, ‘మనవాళ్ళే కదా’ అని మూడేళ్ళు పెంచకుండా ఊరుకుని, నాలుగో ఏడు ఒక్కసారిగా దూకడం. ఏటా 3 శాతమైతే 3,400 కాస్తా 3,502, 3,607, 3,715 అవుతుంది. నూరు డాలర్ల కోసం ఎవరూ పిల్లల బడి మార్చరు. అయిదు వందలైతే ఆ రాత్రే ఇళ్ళు వెతుకుతారు.

మీ విషయంలో 3,500 నుంచి 3,550 మధ్య న్యాయం అంటాను.

ఇక కాగితాలు. రూల్స్ రాష్ట్రం వెబ్‌సైట్‌లో ఉంటాయి, మీరే చూసుకోండి. ఎక్కడ తడబడతారో మాత్రం చెబుతాను. విడిగా పట్టా ఉన్న టౌన్‌హౌస్ సొంత పేరు మీద ఉంటే 2020 నుంచి అమల్లో ఉన్న రాష్ట్ర అద్దె పెంపు పరిమితి వర్తించదు. కానీ ఆ మినహాయింపు వాక్యం లీజులో రాసి ఉండాలి. లేకపోతే పెంచగలిగేది 5 శాతం ప్లస్ ధరల పెరుగుదల, అదీ 10 శాతం దాటకుండా. లీజు తీసి ఇవాళే చూడండి.

వాట్సాప్ మెసేజ్ నోటీసు కాదు. చేతికివ్వాలి లేదా పోస్టులో పంపాలి. పెంపు 10 శాతం వరకూ అయితే 30 రోజుల ముందు, దాటితే 90 రోజుల ముందు. అంతకుముందు పన్నెండు నెలల్లో చేసిన పెంపుదల కూడా కలిపే లెక్క. పోస్టయితే కాలిఫోర్నియా లోపల 5 రోజులు, డాలస్ నుంచి 10, హైదరాబాద్ నుంచి పంపితే 20 అదనం. ఆగస్టు 1 నుంచి కొత్త అద్దె కావాలంటే మీరు ఆలస్యమైనా జూన్ 22 లోపు పోస్టు చేయాలి. అదే 3,900 అయితే 14.7 శాతం, అంటే ఏప్రిల్ 23 లోపే.

చట్టం 30 అన్నదని చివరిదాకా ఆగకండి. మే మధ్యలోనే చెబితే బళ్ళు తెరిచేలోగా వాళ్ళకి ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. వాటర్ హీటర్ పాడైందని ఫిర్యాదు చేసిన వెంటనే మాత్రం పెంచకండి. 180 రోజుల లోపలైతే కక్ష సాధింపు అనడానికి వాళ్ళకి ఆస్కారముంది. ముందు హీటర్ బాగు చేయించండి.

మొహమాటానికి మందు, ముందు ఫోను, తర్వాత కాగితం. పైన 18, 45, 42 అని వేసినట్టు మీ అసలు అంకెలు ఫోన్‌లోనే చదివేయండి. బేరమాడితే, వచ్చే ఏడాది అంకె కూడా ఇప్పుడే రాసేసి రెండేళ్ళ లీజు ఇస్తాననండి. నోటీసులో పాత అద్దె, కొత్త అద్దె, అమలు తేదీ, మీ సంతకం ఉండాలి. పోస్టాఫీసులో పంపినట్టు చీటీ అడిగి తీసుకుని, ఫోటో తీసి లీజు ఫైల్లో పెట్టుకోండి.