మీరు వెతుకుతున్న పాట ఆలిస్ ఇన్ చైన్స్‌ది కాదండీ
ఇద్దరు మగగొంతులు, మధ్యలో సాక్సోఫోన్, ఒకటి కచ్చితంగా ఆలిస్ ఇన్ చైన్స్ అనే రాక్ బృందం గాయకుడు లేన్ స్టేలీదే, కానీ ఆ బృందం ఆల్బమ్‌లన్నీ వెతికినా దొరకలేదన్నారు. దొరకదు మరి! అది మ్యాడ్ సీజన్ అనే సియాటిల్ బృందం పాట, ‘లాంగ్ గాన్ డే’. 1995లో వచ్చిన ‘అబవ్’ ఆల్బమ్‌లో ఎనిమిదోది. రెండో గొంతు స్క్రీమింగ్ ట్రీస్ అనే మరో బృందం గాయకుడు మార్క్ లానెగన్‌ది.

పెర్ల్ జామ్ గిటారిస్టు మైక్ మెక్‌క్రెడీ, బేస్ వాయించే జాన్ బేకర్ సాండర్స్ వ్యసన చికిత్స కేంద్రంలో కలిశారు. అక్కడ మొదలైంది ఈ బృందం. డ్రమ్స్ బారెట్ మార్టిన్‌వి. స్టూడియో ఆల్బమ్ ఈ ఒక్కటే. అందుకే చాలామంది కంటబడలేదనుకుంటా.

ఆ ఒక్క పాటతో ఆపకండి. ‘వేక్ అప్’ ఏడు నిమిషాలు దాటుతుంది, బేస్‌తో మెల్లగా మొదలవుతుంది. మొదటిసారి నాకూ విసుగనిపించింది. రాత్రిపూట హెడ్‌ఫోన్స్‌లో వింటే వేరే సంగతి. తర్వాత ‘రివర్ ఆఫ్ డిసీట్’. స్టేలీ అరవకుండా ఇంత మెత్తగా పాడింది తక్కువే.

కొనేటట్లయితే 2013 ఎడిషన్ చూడండి. లానెగన్ పాడిన మూడు కొత్త పాటలు, సియాటిల్ మూర్ థియేటర్‌లో ఈ బృందం ఇచ్చిన కచేరీ కూడా అందులో ఉన్నాయి.