పికప్ ముందు చక్రం దగ్గర టక్కుమంటోంది: బాల్ జాయింట్లు మార్చాలా?

ప్రశ్న: అన్నా, మాది ఎర్రగుంట్ల దగ్గర పల్లె. నాపరాయి గనుల దగ్గరికి నలుగురు పనివాళ్లను, సామాన్లను తీసుకుపోయే డబుల్ క్యాబ్ ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ ఉంది. 1,30,000 కిలోమీటర్లు తిరిగింది. నెల రోజులుగా గుంతలో పడినప్పుడల్లా ముందు ఎడమ చక్రం దగ్గర టక్కుమంటోంది. స్టీరింగు నిలకడగా ఉండడం లేదు, టైరు లోపలి అంచు అరిగిపోయింది. ఒక మెకానిక్ నాలుగు బాల్ జాయింట్లూ మార్చాలన్నాడు. ఇంకొకాయన పాతదాన్నే ప్రెస్సులో నొక్కి వెల్డింగ్ పెడితే చాలన్నాడు. ఎవరి మాట వినాలి? ఇంటి దగ్గర నేనే మార్చుకోవచ్చా?

జవాబు: తమ్ముడూ, ఆ వెల్డింగ్ మాట మాత్రం వినొద్దు. బాల్ జాయింట్ అంటే ఒక గిన్నెలో తిరిగే ఉక్కు గుండు, దాని కాడ నకిల్‌కో (చక్రం బిగించి ఉండే ఇనుప దిమ్మె) ఆర్మ్‌కో (ఛాసిస్ నుంచి చక్రం దాకా వచ్చే ఇనుప చేయి) బిగించి ఉంటుంది. ఒక్కో ముందు చక్రానికి పైన ఒకటి, కింద ఒకటి ఉంటాయి. గిన్నె అంచు నొక్కితే నాలుగు రోజులు బిగుతుగా అనిపిస్తుంది కానీ, అరిగిన గుండు గుండ్రంగా మారదు. వెల్డింగ్ వేడికి లోపలి ప్లాస్టిక్ లైనింగు, గ్రీజు, పైన తొడిగిన రబ్బరు బూటు అన్నీ పోతాయి, ఉక్కు గట్టిదనం కూడా దెబ్బతింటుంది. మీ బండిలో నలుగురి ప్రాణాలు కూర్చుంటున్నాయి. గువ్వలచెరువు ఘాట్ దిగుతున్నప్పుడు మలుపులో బ్రేకు కొట్టగానే కింది జాయింట్ ఊడిందనుకోండి, చక్రం అడ్డంగా పడిపోతుంది, చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్‌నూ బ్రేకు పైపునూ లాగేస్తుంది, ఇక స్టీరింగు మీ చేతిలో ఉన్నా లేనట్టే.

అలాగని నాలుగూ మార్చమన్న మాటకు వెంటనే డబ్బు తీయొద్దు, ఏది పోయిందో కళ్లతో చూడాలి. చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, బండిని ఛాసిస్ కింద జాకీ పెట్టి ఎత్తి, చక్రం ఊపి చూసి, "ఏం లూజు లేదు" అంటారు. ఇలాంటి పికప్‌లలో ఎక్కువగా కాయిల్ స్ప్రింగు కింది ఆర్మ్ మీద కూర్చుంటుంది. ఛాసిస్ ఎత్తితే స్ప్రింగు ఆ ఆర్మ్‌ను కిందికి తోస్తూనే ఉంటుంది కాబట్టి జాయింట్ బిగుసుకుని ఉండి లూజు దాక్కుంటుంది. జాకీని కింది ఆర్మ్ కిందే, జాయింట్‌కు వీలైనంత దగ్గరగా పెట్టి, టైరు నేలకు ఒక అంగుళం పైకి లేచేదాకా ఎత్తండి. వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టడం మరవొద్దు. ఇప్పుడు టైరు కింద గడ్డపార పెట్టి పైకి లేపుతూ వదులుతూ ఉండండి, ఇంకొకరు పక్కన కూర్చుని జాయింట్ మీద వేలు పెట్టి చూడాలి. కాడకూ గిన్నెకూ మధ్య కదలిక వేలికి తెలుస్తుంది. తర్వాత టైరును పైనా కిందా పట్టుకుని ఊపండి. ఊగితే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి, ఊగడం ఆగిపోతే అది వీల్ బేరింగ్, ఆగకపోతే బాల్ జాయింటే. పక్కల నుంచి ఊపితే లూజు వస్తే టై రాడ్ ఎండ్ (చక్రాన్ని మలిపే స్టీరింగు కడ్డీ కొన) మీద అనుమానం పెట్టుకోవాలి, టైరు అంచు అరగడానికి అదీ కారణం కావచ్చు. రబ్బరు బూటు చిరిగి ఉంటే మాత్రం లూజు లేకపోయినా ఆ జాయింట్ మార్చేయండి, గనుల దుమ్ము లోపలికి వెళ్లాక అది ఎన్నాళ్లో నిలవదు.

బరువు మోసేది కింది జాయింట్ కాబట్టి సాధారణంగా ముందు అదే పోతుంది. ఎడమది పోయిందంటే కుడిదీ అన్నే కిలోమీటర్లు, అవే గుంతలు తిన్నది. కింది రెండూ కలిపి మార్చండి, పైవి బాగుంటే వదిలేయండి.

ఇంటి దగ్గర చేసుకోవడం సంగతి. జాయింట్ బోల్టులతో బిగించేదైతే, గట్టి జాక్ స్టాండ్లు, పుల్లర్ (కాడను కన్నంలోంచి విడదీసే పనిముట్టు), టార్క్ రెంచి (ఎంత బిగువో చూపే రెంచి) ఉంటే, ఓపిక ఉంటే చేయొచ్చు. ప్రెస్ చేసి దించే రకమైతే వర్క్‌షాప్‌కే ఇవ్వండి, సుత్తితో కొట్టి దించిన జాయింట్ వంకరగా కూర్చుంటుంది. వీల్ నట్లు, విప్పాల్సి వస్తే డ్రైవ్ షాఫ్ట్ కొన మీది హబ్ నట్టు కూడా, చక్రం నేల మీద ఉండగానే సడలించండి. ఛాసిస్ కింద స్టాండు పెట్టాక కింది ఆర్మ్ కింద జాకీ అలాగే ఉంచి పని చేయాలి, మధ్యలో దాన్ని తీశారంటే స్ప్రింగు బలమంతా ఒక్కసారిగా ఆర్మ్‌ను కిందికి కొడుతుంది. బ్రేకు ప్యాడ్లను పట్టి ఉండే కాలిపర్‌ను బ్రేకు పైపుకు వేలాడనివ్వకుండా తీగతో కట్టండి. స్ప్లిట్ పిన్ తీసి, అది దూరే గాట్లున్న కాజిల్ నట్టును పూర్తిగా విప్పకుండా నాలుగు మరలు ఉంచి, అప్పుడు పుల్లర్ బిగించండి. అది రాకపోతే కాడ కూర్చున్న నకిల్ కన్నం పక్క భాగం మీద సుత్తితో గట్టిగా రెండు దెబ్బలు, కాడ కొన మీద కాదు. నట్టు ఉంది కాబట్టి టప్పున ఊడినా ఏదీ మీద పడదు.

ఫోర్ వీల్ డ్రైవ్‌లో అదనంగా జాగ్రత్త పడాల్సింది డ్రైవ్ షాఫ్ట్ విషయంలో. నకిల్ బయటికి వాలితే షాఫ్ట్ లోపలి జాయింట్ సాగి విడిపోతుంది. నేను మొదటిసారి చేసినప్పుడు నకిల్‌ను తాడుతో కట్టకుండా వదిలేశాను, లోపలి బూటు చిరిగి గ్రీజంతా కారింది, ఒక పూట పని రెండు రోజులు పట్టింది. మీరు మాత్రం పై ఆర్మ్‌కు కట్టేయండి.

కొత్తది బిగించేటప్పుడు కాడ, కన్నం రెండూ పొడిగా, శుభ్రంగా తుడవాలి, అక్కడ గ్రీజు పూయొద్దు. మీ బండి సర్వీసు పుస్తకంలో ఇచ్చిన టార్క్‌కే బిగించండి. స్ప్లిట్ పిన్ కన్నం కలవకపోతే నట్టును ఇంకాస్త బిగించాలి గానీ వెనక్కి తిప్పకూడదు. పిన్ ఎప్పుడూ కొత్తదే. పని అయ్యాక నేరుగా వీల్ అలైన్‌మెంట్‌కు వెళ్లండి, లేకపోతే కొత్త టైరు కూడా లోపలి అంచు తినేస్తుంది. అప్పటిదాకా పనివాళ్లను ఎక్కించుకోవద్దు, వేరే బండి చూసుకోండి.

ప్రశ్న: కదిరి దగ్గర మా పొలం బండి బాల్ జాయింట్లకు గ్రీజు ఎక్కించే నిపిల్ లేదు. బూటుకు సూదితో గ్రీజు ఎక్కించవచ్చా సార్?

జవాబు: వద్దండి. అవి ఫ్యాక్టరీలోనే మూసిన జాయింట్లు, సూది పెట్టిన కన్నం గుండానే తర్వాత నీరూ మట్టీ పోతాయి. మార్చే రోజు వచ్చినప్పుడు మీ బండికి నిపిల్ ఉన్న రకం దొరుకుతుందేమో అడగండి. దొరికితే గ్రీజు గన్ పెట్టే ముందు నిపిల్‌ను గుడ్డతో తుడవండి, లేకుంటే దాని మీది ఎర్రమట్టి గ్రీజుతో పాటే లోపలికి పోతుంది. బూటు కాస్త ఉబ్బగానే ఆపేయండి, ఇంకా కొడితే బూటు పగులుతుంది.