టెక్ సందేహాలు: ల్యాప్‌టాప్ స్క్రీన్ కిటికీ అద్దం కాదు

ప్రశ్న: దసరాకి ఇల్లు సర్దుతూ, కిటికీలు తుడిచే నీలం ద్రవాన్నే ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద కూడా కొట్టి తుడిచాను. ఇప్పుడు మధ్యలో తెల్లగా, పొగ పట్టినట్టు ఉంది. ఎంత రుద్దినా పోవట్లేదు. ఏం చేయాలి? (ఖమ్మం పాఠకురాలు)

ముందు రుద్దడం ఆపండమ్మా. అది మురికి కాదు, కాబట్టి పోదు. పండగ వెళ్లిన వారానికల్లా ఇదే ప్రశ్న ఏదో ఒక ఊరి నుంచి వస్తుంది, కారణం కూడా ప్రతిసారీ ఒకటే. టచ్ లేని మామూలు ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి పైన అద్దమే ఉండదు. పోలరైజర్ అనే ప్లాస్టిక్ పొర ఉంటుంది, దాని మీద వెలుతురు మెరవకుండా ఒక పలుచటి పూత ఉంటుంది, మనం తుడిచేది ఆ పూతని. గాజు తుడిచే ద్రవాల్లో చాలావాటిలో ఉండే అమ్మోనియా గానీ, గోళ్ల రంగు తీసే అసిటోన్ గానీ దాన్ని తినేస్తాయి. పూత పాడైన చోట వెలుతురు చెదిరిపోయి తెల్లగా కనిపిస్తుంది. దాన్ని ఇంట్లో మళ్లీ పూసుకునే దారి లేదు. టూత్‌పేస్టు రాస్తే పోతుందని వీడియోలు తిరుగుతున్నాయి, నమ్మకండి, పళ్లు తోమడానికి అందులో వేసే గరుకు పొడి మిగిలిన పూతని కూడా గీకేస్తుంది. పని జరుగుతున్నంత కాలం అలాగే వాడుకోండి, కళ్లకు ఇబ్బందైతే ప్యానెల్, అంటే బొమ్మ కనిపించే తెర భాగాన్ని, మార్చించడమే.

ఇక నుంచి ఎలా తుడవాలంటారా? ఆఫ్ చేయండి, చార్జర్ పీకండి లాంటివి మళ్లీ చెప్పను. చెప్పాల్సింది గుడ్డ గురించి, నీళ్ల గురించి. పాత బనీను మెత్తగానే ఉంటుంది, కానీ ఇల్లంతా తుడిచిన బనీనులో ఇరుక్కున్న ఇసుక రేణువు మెత్తగా ఉండదు. కళ్లజోడుతో పాటు ఇచ్చే మైక్రోఫైబర్ గుడ్డ చాలు, దాన్ని ఫ్యాబ్రిక్ కండిషనర్‌లో ముంచకుండా ఉతికితే చాలు. ముందు పొడిగానే దుమ్ము దులిపేయండి, చాలాసార్లు పని అక్కడితోనే అయిపోతుంది. తడి కావాల్సి వస్తే బోరు నీళ్లు వద్దు, అందులోని లవణాలు ఆరాక తెల్లటి చారలు మిగులుస్తాయి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ చవకగా దొరుకుతుంది, అది బాగుంటుంది. అయితే అదే దుకాణంలో బ్యాటరీ యాసిడ్ కూడా అమ్ముతారు, లేబుల్ చదివి కొనండి. నీళ్లు గుడ్డ మీద చల్లాలి, స్క్రీన్ మీద కాదు. నేరుగా కొడితే చుక్కలు కిందికి జారి అంచులోంచి లోపలికి దిగుతాయి, ప్యానెల్‌ని నడిపే సర్క్యూట్లు చాలావాటికి ఉండేది ఆ కింది అంచులోనే. శానిటైజర్ కూడా వద్దు, చాలావాటిలో గ్లిజరిన్ ఉంటుంది, జిడ్డుగా పేరుకుంటుంది.

తప్పంతా వాడేవాళ్లదే అని నేననను. వేలకు వేలు పోసి కొన్న వస్తువుతో వచ్చే కాగితంలో 'మెత్తని గుడ్డతో శుభ్రం చేయండి' అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకుంటారు, పైన ఉన్నది గాజో ప్లాస్టిక్కో కూడా చెప్పరు. ఈ మధ్య కొన్ని మోడళ్లు మూత తెరవగానే వాటంతటవే ఆన్ అయిపోతున్నాయి, ఇంకొన్ని ఏ మీట తగిలినా లేస్తాయి. మరి ఆఫ్ చేసి తుడవండి అంటే ఎలా తుడవాలి? సన్నగా చేయాలన్న యావలో మూతకీ కీబోర్డుకీ మధ్య సందు లేకుండా చేశారు, మీటల మీది చేతి జిడ్డంతా చతురస్రాలుగా స్క్రీన్ మీద అచ్చు పడుతోంది. కాబట్టి స్క్రీన్ తుడిచేటప్పుడు కీబోర్డు కూడా తుడవండి, లేకపోతే మూత వేయగానే మళ్లీ అదే జిడ్డు.

ప్రశ్న: మచ్చ ఎంత తుడిచినా పోలేదు. దుకాణంలో చూపిస్తే ప్యానెల్ మార్చాలన్నారు, ల్యాప్‌టాప్ అక్కడే ఉంచి పాస్‌వర్డ్ రాసిచ్చి వెళ్లమన్నారు. ఇవ్వొచ్చా? (తిరుపతి పాఠకుడు)

ముందు ఆఫ్ చేసి, లైటు పక్కనుంచి పడేలా పట్టుకుని చూడండి. అప్పుడూ కనిపిస్తే మచ్చ పైన ఉన్నట్టు. స్క్రీన్ వెలిగినప్పుడు మాత్రమే కనిపిస్తే లోపల ఉన్నట్టు, గట్టిగా నొక్కడం వల్లో, బ్యాగులో టిఫిన్ బాక్సు ఒత్తిడి వల్లో కూడా అలా వస్తుంది. అలాంటిది తుడిస్తే పోదు.

పాస్‌వర్డ్ మాత్రం ఇవ్వకండి. ప్యానెల్ మార్చడానికి దాంతో పనేమీ లేదు, కొత్తది సరిగా వెలుగుతోందో లేదో లాగిన్ పేజీ వస్తేనే తెలిసిపోతుంది. అయినా రిపేరుకి ఇచ్చేటప్పుడు నింపే కాగితంలో (జాబ్ షీట్) పాస్‌వర్డ్‌కి ఒక గడి ఉంటుంది, మనం పేరు రాసినంత తేలిగ్గా అందులో రాసేస్తాం, ఆ కాగితాన్ని ల్యాప్‌టాప్‌కే అతికించి షాపులో నలుగురూ చూసేలా అరలో పెడతారు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఆధార్, పాన్ కాపీలు, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు, తెరిచే ఉన్న వాట్సాప్ వెబ్, ఇంటి ఫోటోలు, అన్నీ అందులోనే కదా. కెనడాలో గ్వెల్ఫ్ యూనివర్సిటీ పరిశోధకులు అంతా రికార్డయ్యేలా సిద్ధం చేసిన పరికరాలను 16 రిపేరు కేంద్రాలకు ఇచ్చి చూశారు, 2022లో ఫలితాలు బయటపెట్టారు. కొందరు టెక్నీషియన్లు వాటిలోని వ్యక్తిగత ఫోటోలు, ఫైళ్లు తెరిచి చూశారు, కాపీ చేసుకున్నవాళ్లూ ఉన్నారు, చూసిన ఆనవాళ్లు చెరిపేసినవాళ్లూ ఉన్నారు. రిపేరు చేసే ప్రతివాళ్లూ దొంగలని కాదు, కానీ ఎవరు ఎలాంటివాళ్లో కౌంటర్ దగ్గర నిలబడి మనం తేల్చుకోలేం.

వీలైతే ఎదురుగా కూర్చుని మార్పించుకోండి, ప్యానెల్ చేతిలో ఉంటే పెద్ద పనేమీ కాదు. ఉంచి రాక తప్పదు, పాస్‌వర్డ్ లేనిదే ముట్టుకోం అని షాపువాళ్లు అంటే, అడ్మిన్ హక్కులు (ల్యాప్‌టాప్‌లో ఏదైనా మార్చగల అధికారం) లేని వేరే ఖాతా ఒకటి తెరిచి దాని పాస్‌వర్డ్ ఇవ్వండి. అంతకంటే ముందు డిస్క్ ఎన్‌క్రిప్షన్, అంటే డిస్క్‌లోని ఫైళ్లను తాళం లేనిదే చదవలేని రాతగా మార్చే ఏర్పాటు, ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. అది లేకపోతే డిస్క్ ఊడదీసి వేరే కంప్యూటర్‌కి తగిలిస్తే చాలు, మీ పాస్‌వర్డ్ ఎంత పెద్దదైనా లాభం లేదు. ఆ తాళం తెరుచుకోకపోతే పనికొచ్చే పొడవాటి కోడ్‌ని, అదే రికవరీ కీని, ఇంట్లో కాగితం మీద రాసి పెట్టుకోండి, ల్యాప్‌టాప్ లోపలే దాచుకోవడం కాదు.

ఇంకొకటి, ఇది అందరికీ. మచ్చ ఎలా ఉందో చూపించడానికి నాకు ఫోటోలు పంపుతున్నారు, సంతోషం, కానీ వెనక నెట్ బ్యాంకింగ్ పేజీ తెరిచే ఉంటోంది, ఖాతా నంబరు, నిల్వ అన్నీ చక్కగా చదవొచ్చు. స్క్రీన్ అంచుకి పాస్‌వర్డ్ రాసిన పసుపు చీటీ అతికించి ఉన్న ఫోటోలు కూడా వచ్చాయి. మచ్చ మీద దృష్టి పెడితే మిగతాది కళ్లకి ఆనదు కాబోలు. తెల్లటి ఖాళీ పేజీ ఒకటి తెరిచి అప్పుడు ఫోటో తీయండి, మచ్చ కూడా దాని మీదే బాగా తెలుస్తుంది.